కంప్యూటరుకు కట్టిన పట్టుపోగు

ధర్మవరంలో ఒక మగ్గాల వీధిలో మార్కండేయులు అనే డిజైన్ల ఆయన ఉండేవాడు. ఆయనకు పనితనం ఎంత ఉందో అనుమానం అంతకు రెండింతలు ఉండేది.

పట్టుచీరల అంచులకూ కొంగులకూ కావలసిన బొమ్మలను ఆయన ఇంట్లోనే కూర్చుని కంప్యూటరులో గీసేవాడు. ఆ గీతను బట్టి అట్టలకు చిల్లులు కొడతారు. ఆ అట్టలను మగ్గం మీద బిగిస్తే, గీసిన బొమ్మ చీర మీదికి వస్తుంది. అందువల్ల ఆ వీధిలో గీత చేతికి చిక్కిందంటే చీర చిక్కినట్టే. ఒకరి గీతను ఇంకొకరు ఎత్తుకుపోవడం అప్పుడప్పుడు జరిగేది కూడా. అందుకని అందరూ కొంచెం జాగ్రత్తగా ఉండేవాళ్లు. మార్కండేయులు ఆ కొంచెం దగ్గర ఆగేవాడు కాదు.

పాలామె వాకిట్లోకి వస్తే కంప్యూటరు తెర మీద తువ్వాలు కప్పేవాడు. కరెంటు మీటరు చూసే మనిషి వస్తే కిటికీ మూసేవాడు. పాస్‌వర్డు భార్యకు కూడా చెప్పలేదు. పని అయిపోయాక కంప్యూటరు పెట్టెకు అడ్డంగా ఒక పట్టుపోగు లాగి, రెండు కొసలనూ మైనంతో అంటించేవాడు. ఎవరైనా పెట్టెను ముట్టుకుంటే పోగు తెగుతుందని ఆయన లెక్క. పొద్దున లేచి మొహం కూడా కడగకుండా ముందు ఆ పోగు చూసుకునేవాడు.

ఆయన భార్య భద్రావతి కంప్యూటరు ఉన్న పడసాలలోనే ఇంకో పక్కన మగ్గం నేసేది. ఆమెకు నోటి నిండా మాటలు, చేతి నిండా పని. ఒకరోజు ఆ పోగు చూసి అడిగింది. "ఏమయ్యా, ఆ పెట్టెకు దిష్టితాడు కట్టినావా, మంగళసూత్రం కట్టినావా?"

మార్కండేయులు నవ్వలేదు. ఆ పెట్టెలో ఏముందో ఆమెకు మాత్రం తెలియదా అనుకున్నాడు.

పెట్టెలో ఉన్నది వాళ్ల నాయన చెన్నప్ప ఆస్తి. చెన్నప్ప బతికున్నప్పుడు గడుల కాగితాల మీద చేత్తో డిజైన్లు గీసేవాడు. వాటిలో జంట హంసల కొంగు ఒకటి. తామరాకుల నడుమ రెండు హంసలు ముక్కుకు ముక్కు ఆనించుకుని ఉంటాయి. దాన్ని నేయకుండానే నాయన పోయాడని మార్కండేయులుకు చాలా దిగులుగా ఉండేది. ఎలాగైనా ఆ కొంగును తన ఇంటి మగ్గం మీదే నేయించాలని ఆయన కోరిక. పసుపురంగుకు తిరిగిన ఆ కాగితాలను ముందు పెట్టుకుని, గడి వెంట గడి, చుక్క వెంట చుక్క, నెలల తరబడి కంప్యూటరులోకి ఎక్కించాడు. నాయన గీసిన మిగతా డిజైన్లు కూడా అన్నీ ఎక్కించేశాడు. హంసల కొంగులో ఇంక అడుగు వరస తామరాకులే మిగిలాయి. మగ్గం మీదున్న చీర దిగగానే హంసల చీర ఎక్కించాలని భద్రావతి నెమలికంఠం రంగు పట్టు తెచ్చి సిద్ధంగా పెట్టింది.

సరిగ్గా అప్పుడే కంప్యూటరు మొరాయించడం మొదలుపెట్టింది.

అది చాలా పాతది. మీట నొక్కితే ఒకప్పుడు చిటికెలో వెలిగేది. ఇప్పుడు మీట నొక్కి, పళ్లు తోముకుని, కాఫీ తాగి వచ్చినా ఇంకా తెర మీద చక్రం తిరుగుతూనే ఉండేది. హంసల కొంగు తెరిస్తే ముందు ముక్కులు వచ్చేవి. చాలాసేపటికి మెడలు వచ్చేవి. ఒళ్లు వచ్చేసరికి మార్కండేయులుకు ఓపిక పోయేది.

పాతదైపోయింది కదా, మనకు మాత్రం మోకాళ్లు పట్టేయడం లేదా అని భద్రావతి అంది. మార్కండేయులు వినలేదు. తన డిజైన్లను ఎవరో లోపలి నుంచి తోడేస్తున్నారనీ, అందుకే బరువుగా కదులుతోందనీ ఆయన మనసుకు తోచింది. తోచింది కాబట్టి నిజమే అనుకున్నాడు.

ఆ వారంలోనే వీధిలో ఒకరింట్లో పసిబిడ్డను తొట్లలో వేస్తుంటే భార్యాభర్తలిద్దరూ వెళ్లారు. వీధి చివర ఉండే ఓబుళమ్మ కూడా వచ్చింది. వయసు మళ్లిన మనిషి, ఆకుపచ్చ పట్టుచీర కట్టుకుంది. బిడ్డను దీవించడానికి ఆమె తొట్టి మీదికి వంగింది. చీర కొంగు ముందుకు జారింది. ఆ కొంగు మీద రెండు హంసలు ముక్కుకు ముక్కు ఆనించుకుని ఉన్నాయి.

మార్కండేయులు చేతిలోని చక్కెర పొట్లం కింద పడింది.

అత్తా, ఈ చీర ఎక్కడిదని ఒక్క మాట అడిగితే సరిపోయేది. ఓబుళమ్మ పిలిస్తే పలికేంత దూరంలోనే ఉంది. ఆయన అడగలేదు. అనుమానం ఉన్నవాడికి అడగడం ఇష్టం ఉండదు; ఎదుటివాడు జవాబు చెబితే అనుమానం పోతుందేమోనని భయం కాబోలు. భోజనం కూడా చేయకుండా ఇంటికి వచ్చేశాడు.

ఇంట్లో కూర్చుని లెక్కలు వేశాడు. ఓబుళమ్మ ఇంటి గోడకు ఆనుకునే భార్గవ దుకాణం ఉంది. భార్గవ అంటే భద్రావతి తమ్ముడు. కంప్యూటర్లు బాగుచేస్తాడు. కిందటిసారి ఈ పెట్టెను తుడిచి, సర్ది పోయింది కూడా అతడే. ఆరోజు డిజైన్లన్నీ ఒక పెన్‌డ్రైవులో వేసి, ఇది దాచుకో బావా, ఎప్పటికైనా అక్కరకొస్తుందని చేతికిచ్చాడు. అంత ప్రేమ ఎందుకు పుట్టిందో అని మార్కండేయులు ఇప్పుడు ఆలోచించాడు. మరుసటి రోజు పొద్దున చూస్తే పెట్టెకు కట్టిన పట్టుపోగు తెగి ఉంది. ఇంక ఆయనకు సాక్ష్యం అక్కర్లేకపోయింది.

అమావాస్య వచ్చింది. ఆ వీధిలో అమావాస్యనాడు మగ్గాలు ఆడవు. రోజూ టకటకలాడే వీధి ఆరోజు ఊపిరి బిగబట్టినట్టు ఉంటుంది. భద్రావతి మగ్గానికి పసుపు కుంకుమ పెట్టి దండం పెట్టుకుని వంటింట్లోకి వెళ్లింది. మార్కండేయులు కంప్యూటరు ముందు కూర్చున్నాడు. పెట్టెలోంచి చప్పుడు వినిపించింది. టిక్. కాసేపు ఏమీ లేదు. మళ్లీ టిక్, టిక్. తర్వాత ఎవరో ఇసుక మీద గోరు గీసినట్టు కర్రుమని.

ఆ చప్పుడు ఎన్నాళ్లుగానో ఉంది. పక్కనే మగ్గం ఆడుతుంటే దాని కింద అణిగిపోయేది. ఆ సంగతి మార్కండేయులుకు తట్టలేదు. మగ్గం ఆగిన రోజున వినిపించింది కాబట్టి, ఎవరో సరిగ్గా ఆరోజుకే లోపల ఏదో పెట్టారని అనుకున్నాడు. వెంటనే భార్గవకు ఫోన్ చేశాడు. కంప్యూటరు బాగాలేదు, వచ్చి చూడమన్నాడు. బాగు చేయించుకోవడానికి పిలవలేదు. చేతులు వణుకుతాయేమో చూద్దామని పిలిచాడు.

భార్గవ వచ్చాడు. వాడి చేతులు వణకలేదు. పెట్టె పక్క రేకు విప్పాడు. లోపల బూజు, దుమ్ము, వెనక ఒక మూలన బల్లిగుడ్లు. "కాపలాకు బల్లిని పెట్టినావా బావా?" అని నవ్వాడు. మార్కండేయులు నవ్వలేదు.

భార్గవ దుమ్ము దులిపాడు. ఫ్యాను తిప్పి చూశాడు. మెమరీ పలకలు తీసి, తుడిచి, మళ్లీ బిగించాడు. వైరస్ ఏమైనా చేరిందేమో వెతికాడు. అన్నీ అయ్యాక కూడా కంప్యూటరు అలాగే నత్తలా నడిచింది. అప్పుడు స్క్రూడ్రైవరు మొనను హార్డ్ డిస్కు మీద పెట్టి, పిడికి చెవి ఆనించి విన్నాడు. వాడి మొహంలో నవ్వు పోయింది.

"బావా, డిస్కు అరిగిపోయింది. ఈరోజో రేపో ఆగిపోతుంది. ఇంక దేనికీ ఆన్ చేయొద్దు. నేను దుకాణానికి పోయి ఖాళీ డిస్కు ఒకటి తెస్తాను. ముందు నీ డిజైన్లన్నీ దాంట్లోకి ఎక్కించి పెట్టుకుందాం. మిగతావి తర్వాత చూద్దాం."

మార్కండేయులు ఈ మాట కోసమే కాచుకుని ఉన్నాడు. "ఇంకో డిస్కులోకా? అది ఎవరి దగ్గర ఉంటుంది?"

"నీ దగ్గరే. కావాలంటే ఇంకోటి నా దగ్గర కూడా పెడతా. వేరే వేరే ఇళ్లలో ఉంటే రెండూ ఒకేసారి పోవు కదా."

"పోతాయప్పా. ఒకటి పోనే పోయింది కదా. హంసలు మీ పక్కింటికి ఎగిరిపోయినాయి కదా."

భార్గవకు ఏమీ అర్థం కాలేదు. ఏ హంసలని అడిగాడు. తెలియనట్టు నటించొద్దని మార్కండేయులు అన్నాడు. ఆ తర్వాత అనరాని మాటలు చాలా అన్నాడు. అక్క మొగుడి సొత్తుతో దుకాణం నడుపుకుంటున్నావని కూడా అన్నాడు. వంటింటి గడపలో నిలబడి భద్రావతి అంతా వింది. భార్గవ మరలు తిరిగి బిగించి, రేకు మూసి, చేతులు తుడుచుకున్నాడు.

"అక్కా, డిస్కు గురించి చెప్పింది మాత్రం నిజం" అని ఆమెతో చెప్పి వెళ్లిపోయాడు. బావ వైపు చూడలేదు.

ఆ సాయంత్రం మార్కండేయులు ఇంకో ఆలోచన చేశాడు. సొత్తు పదిచోట్ల ఉంటే పదిచోట్ల కాపలా కాయాలి. ఒక్కచోటే ఉంటే కాపలా తేలిక. భద్రావతి శివాలయానికి వెళ్లిన సమయం చూసి, నాయన గీసిన పాత కాగితాలన్నీ బీరువాలోంచి తీశాడు. అన్నీ కంప్యూటరులో ఉన్నాయి కదా, ఇంకెందుకు, ఎవరి కంటనైనా పడితే ప్రమాదమని వాటిని నీళ్ల పొయ్యిలో పెట్టాడు. హంసల కాగితం దగ్గర మాత్రం చెయ్యి కొంచెం ఆగింది. తర్వాత అదీ వేశాడు. దేవుడి పటం వెనక దాచిన పెన్‌డ్రైవును సన్నెకల్లు మీద పెట్టి పొత్రంతో నలగ్గొట్టాడు. కంప్యూటరుకు ఇంటర్నెట్ తీగ పీకేశాడు. పాస్‌వర్డు మార్చాడు. ఈసారి ఒక పోగు బదులు పోగుల పేట కట్టాడు. ఆరోజు కడుపునిండా తిన్నాడు.

మరుసటి రోజు పొద్దున అడుగు వరస తామరాకులు పూర్తి చేద్దామని మీట నొక్కాడు. భద్రావతి అప్పుడే మగ్గం గుంతలోకి దిగి కాలు ఆడిస్తోంది. కంప్యూటరు టిక్కుమంది. టిక్, టిక్, టిక్ అంటూ పోయింది. ఈసారి మగ్గం చప్పుడును కూడా మించి వినిపించింది. భద్రావతి కాలు ఆపింది. చప్పుడు మారితే ఎక్కడో పోగు తెగినట్టని ఆమె లెక్క.

పెట్టెలో కర్రుమని ఒక గీత. తర్వాత ఏమీ లేదు. తెర నల్లగా అయి, మూలన తెల్లటి అక్షరాలు ఒక వరస వచ్చాయి. మార్కండేయులు మీట ఆపి మళ్లీ నొక్కాడు. పెట్టెను అటూ ఇటూ తట్టాడు. మళ్లీ నొక్కాడు. అవే అక్షరాలు.

భద్రావతి లేచి వచ్చి వెనక నిలబడింది. "పోనీలే. నాయన కాగితాలు ఉన్నాయి కదా. మళ్లీ ఎక్కిద్దాం."

ఆయన చూపు నీళ్ల పొయ్యి వైపు పోయింది.

"పెన్‌డ్రైవు ఉంది కదా."

ఆయన తల ఎత్తలేదు. ఆమె వెళ్లి బీరువా చూసింది. దేవుడి పటం వెనక చూసింది. పొయ్యి దగ్గరికి వెళ్లి బూడిద కూడా చూసి వచ్చింది. గొంతు పెంచకుండా అంది. "దొంగలు ఎవరూ రాలేదయ్యా. వాళ్లు చేయాల్సిన పని మొత్తం నువ్వే చేసిపెట్టినావు."

అప్పుడే కంప్యూటరు వెనక నుంచి ఒక బల్లి బయటికి వచ్చింది. పెట్టె మీదికి ఎక్కి, పక్కకు వేలాడుతున్న పట్టుపోగుల మీద నడిచి, గోడ మీదికి దూకింది. ఆ దూకుడుకు పోగు ఒకటి పుటుక్కున తెగింది. ఇద్దరూ చూశారు. ఆ రోజు పోగు ఎవరు తెంపారో మార్కండేయులుకు తెలిసింది. తెలిసి ఇప్పుడేం లాభం.

ఆయనకు భార్గవ దుకాణానికి వెళ్లడం తప్ప దారి లేకపోయింది. వీధి పొడవునా తల దించుకుని నడిచాడు. దుకాణం ముందు నిలబడి, లోపలికి రావచ్చా అని పరాయివాడిలా అడిగాడు. భార్గవకు దెప్పాలనుకుంటే చాలా మాటలే ఉన్నాయి. "డిస్కు తెచ్చినావా, ఉత్త చేతులతో వచ్చినావా?" అని మాత్రం అడిగాడు.

మార్కండేయులు తెచ్చిన డిస్కును భార్గవ తన కంప్యూటరుకు తగిలించి రోజంతా దాని ముందే కూర్చున్నాడు. అది కాసేపు తిరిగేది, కాసేపు ఆగేది. నాయన మిగతా డిజైన్లు ఒక్కటీ రాలేదు. చివరికి హంసల కొంగు తెరుచుకుంది. ముక్కులు వచ్చాయి. మెడలు వచ్చాయి. అక్కడితో ఆగిపోయింది. ఆ తర్వాత డిస్కు మళ్లీ తిరగలేదు. పై ఊరికి పంపినా ఇంతకంటే రాదు బావా, డిస్కు లోపలి పళ్లెమే గీరుకుపోయిందని భార్గవ చెప్పాడు.

తెర మీద ఒళ్లు లేని రెండు హంసలు. మార్కండేయులు వాటిని చూస్తూ, నాయన వీటిని ఒక్కసారైనా నేసి ఉంటే బాగుండునన్నాడు.

"నేసినాడు కదా" అన్నారెవరో. అన్నానికి పిలవడానికి తమ్ముడి దగ్గరికి వచ్చిన భద్రావతి వాకిట్లో నిలబడి ఉంది. మాట అన్నది ఆమె కాదు. ఆమె పక్కన ఓబుళమ్మ ఉంది. అప్పటిదాకా పక్కనే తన ఇంటి అరుగు మీద కూర్చుని అన్నీ వింది.

అప్పుడు ఓబుళమ్మ అసలు సంగతి చెప్పింది. మార్కండేయులు చిన్నతనంలో పని నేర్చుకోవడానికి కంచికి వెళ్లాడు. ఆ రోజుల్లోనే చెన్నప్పకు పెద్ద జబ్బు చేసింది. ఇంట్లో చూసేవాళ్లు లేరు. ఓబుళమ్మే గంజి కాచి పోసింది, మగ్గానికి కావలసిన పట్టు కండెలు చుట్టి పెట్టింది. లేచి తిరిగాక చెన్నప్ప ఒకే ఒక్క హంసల చీర నేశాడు. ఒక్కో పోగూ చేత్తో ఎత్తి నేశాడు. నేసి తెచ్చి ఆమెకు పెట్టాడు. ఆమె దాన్ని పెట్టెలో దాచుకుని ఎప్పుడో ఒకసారి మంచిరోజున కడుతుంది. మొన్న తొట్లలో వేసినరోజు కట్టింది అందుకే.

"నువ్వు గుర్తుపట్టి పలకరిస్తావని ఎదురుచూసినా నాయనా. నువ్వు చూసి కూడా అన్నం తినకుండా పోతివి."

మార్కండేయులుకు కళ్లెత్తి చూడాలంటే సిగ్గేసింది. ఓబుళమ్మ లోపలికి వెళ్లి చీర తెచ్చి ఆయన చేతుల్లో పెట్టింది. ఎందుకని అడగలేదు, ఎప్పుడు ఇస్తావని అడగలేదు.

"అత్తా, నేను దీన్ని పాడుచేస్తానేమో అని నీకు భయం లేదా?"

"మీ నాయన ఇచ్చినప్పుడు, దీన్ని ఎవరికైనా చూపిస్తావేమో అని నన్ను అడగలేదప్పా" అంది ఓబుళమ్మ.

ఆయన అక్కడే భార్గవ చేతులు పట్టుకున్నాడు. అక్క వండిన సంగటి చల్లారిపోతుంది, ముందు పోయి తిందాం పద బావా అని భార్గవే దారి చూపించాడు.

చీర ఇంటికి చేరింది. కంప్యూటరు పెట్టెలోకి భార్గవ కొత్త డిస్కు బిగించాడు. పోగులు చూసే భూతద్దాన్ని భద్రావతి కొంగు మీద పెట్టి ఏ పోగు పైన, ఏ పోగు కింద అని గట్టిగా చెబుతుంటే, మార్కండేయులు గడి వెంట గడి మళ్లీ గీశాడు. తెర మీద తువ్వాలు లేదు. కిటికీ తెరిచే ఉంది. పాలామె వచ్చి నిలబడి చూసి, కుడివైపు హంస కొంచెం లావుగా ఉందని వంక పెట్టింది. నిజమే, ఆయన సరిచేశాడు.

గీత పూర్తయ్యాక దాన్ని ఒకటి ఇంట్లో ఉంచాడు, ఒకటి భార్గవకు ఇచ్చాడు. ఇంకోటి చిన్న డిస్కులో వేసి, చీరతో పాటు ఓబుళమ్మకు ఇచ్చాడు. ఆమె ఇంట్లో కంప్యూటరు లేదు. అయినా దాన్ని గుడ్డలో చుట్టి చీర మడతలో పెట్టుకుంది. నెమలికంఠం రంగు పట్టు మీద హంసలు దిగిన రోజున భద్రావతి మొదటి చీర ఎవరికని అడగనే లేదు. తానే తీసుకెళ్లి ఓబుళమ్మకు పెట్టి వచ్చింది.

చెన్నప్ప గీసిన మిగతా డిజైన్లు మాత్రం మళ్లీ దొరకలేదు. అవి ఏ చీర మీదా లేవు, ఏ పెట్టెలోనూ లేవు. నీళ్ల పొయ్యి దగ్గరికి వెళ్లినప్పుడల్లా మార్కండేయులుకు అవి గుర్తొచ్చేవి. అందుకే ఆ తర్వాత ఎప్పుడైనా మనసులో అనుమానం పుడితే, పోగు కట్టడం మాని నేరుగా వెళ్లి అడిగేవాడు.

నీతి: ఒక్క మాట అడిగితే తీరిపోయే అనుమానాన్ని మనసులో దాచుకుని పెంచేవాడికి వేరే దొంగ అక్కర్లేదు, తన సొత్తును తానే పోగొట్టుకుంటాడు.